గీకేసిన మెరుపు

ఇరవై రెండేళ్లుగా పెయింటర్ పని చేస్తున్న ఆయనకు, రంగు వాసన రాని ఇల్లు సగంలో ఆగిన ఇల్లులాగే కనిపించేది. సొంత ఇంటి గోడలకు మూడు పూతలు ఎనామిల్ వేశాడు. గోడల్లో ముఖం చూసుకోవచ్చు. ఆ గదుల్లో పడుకుంటే మాత్రం ఆరేళ్ల కూతురి గొంతులో పిల్లికూతలు మొదలయ్యేవి.

తోడల్లుడు తాపీమేస్త్రి. అదే వీధి చివర ఇల్లు కట్టుకున్నాడు. గోడలకు సున్నం, నేలకు బండలు, ప్లైవుడ్ అల్మారాల బదులు ఉత్త చెక్క అరలు, ఎదురెదురుగా కిటికీలు. "గోదాములా ఉంది," అన్నాడు పెయింటర్ భార్యతో. బడి సెలవుల్లో పాప నాలుగు రోజులు అక్కడ ఉండి వచ్చింది. ఒక్కసారీ దగ్గలేదట.

"నేను పెదనాన్న వాళ్లింట్లోనే ఉంటా నాన్నా."

"అక్కడేముందే అంత?"

"అక్కడైతే నిద్ర పడుతుంది."

"బడికి కూడా అక్కణ్నుంచే పంపిద్దామండీ," అంది భార్య. "డాక్టరు కూడా ఈ వాసనలే పడవంటున్నారుగా."

పాప బట్టల సంచీ ఇవ్వడానికి అక్కడికి వెళ్లిన పెయింటర్, ఎవరూ చూడనప్పుడు గోడ మీద అరచేయి రుద్ది చూశాడు. చేతికి సున్నం అంటలేదు. అరల వెనక్కి వంగి చెమ్మ కోసం చూశాడు.

"ఏం తమ్ముడూ, ఏమైనా పోయిందా?" వెనక నుంచి మేస్త్రి గొంతు.

"చెమ్మ పట్టిందేమోనని."

"సున్నం గోడకు గాలాడుతుంది, ఎప్పటికప్పుడు ఆరిపోతుంది. కావాలంటే పాప గదికి నేనొచ్చి వేసిపెడతా."

"బ్రష్ పట్టడం నాకు నువ్వు నేర్పాలా అన్నయ్యా?"

నవ్వుతూనే అన్నాడు. ఇంటికొచ్చేదాకా పళ్లు బిగిసే ఉన్నాయి.

మర్నాడే సున్నం కొనుక్కొచ్చి, ఎవర్నీ అడక్కుండా పాప గదిలో ఎనామిల్ మీదే రెండు పూతలు పూశాడు. నాలుగో రోజుకి ఆ సున్నం పొలుసులు పొలుసులుగా మంచం మీద రాలింది.

"ముందే బావగార్ని అడిగితే మీ సొమ్మేం పోయేదండీ?" అంది భార్య, దుప్పటి దులుపుతూ.

పెయింటర్‌కి వెళ్లి పిలవక తప్పలేదు. మేస్త్రి వచ్చి గోడను గోటితో గీరి చూశాడు.

"అద్దం మీద సున్నం నిలుస్తుందా తమ్ముడూ? నువ్వేసిన మెరుపంతా గీకెయ్యాలి."

నీళ్లు చల్లుతూ, మూతికి గుడ్డ కట్టుకుని, పదకొండు రోజులు పెయింటర్ తన చేతి పనిని తనే గీకాడు. అడుగున సిమెంటు తేలింది. మేస్త్రి తన డ్రమ్ములో నానబెట్టిన సున్నం తెచ్చాడు. పెయింటర్ పూస్తుంటే వెనక నిలబడి, "ఇంకా పల్చగా... పల్చగా తమ్ముడూ," అంటూనే ఉన్నాడు. ఒక మూల మాత్రం బ్రష్ అడిగి తీసుకుని తనే పూశాడు. ఆరాక చూస్తే ఆ మూలే అన్నిటికన్నా నున్నగా ఉంది. పెయింటర్ దానికి అడ్డంగా బట్టల స్టాండు జరిపాడు.

పాప ఇంటికొచ్చింది. పన్నెండు రోజులు గడిచాయి. ఒక్క పిల్లికూత లేదు.

ఆ ఆదివారం ముగ్గురూ బయటికి వెళ్తుంటే మేస్త్రి తన గుమ్మంలోంచి కేకేశాడు. "పాపకెలా ఉంది తమ్ముడూ?"

"ఏదో... పర్లేదు. కొంచెం తగ్గింది."

భార్య తలతిప్పి ఆయన ముఖంలోకి చూసింది. "పెదనాన్నా!" అంటూ పాప అటు పరిగెత్తబోయింది. పెయింటర్ పాప చెయ్యి వదల్లేదు.