నాగమణికి వచ్చిన ఫోన్

ఒక అబద్ధాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. అప్పుడు నోట్లోంచి వచ్చింది ఒక్క వాక్యమే. దాని బరువు మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మీకు చెబుతున్నాను.

మాది వైరా పక్కన పల్లె, పొలాలున్న కుటుంబం. డిగ్రీ అయ్యాక ఖమ్మంలో ఒక సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టిట్యూట్‌లో జావా కోర్సులో చేరాను. హాస్టల్లో నా గదిలోకి వచ్చిన అమ్మాయి నాగమణి. ములకలపల్లి దాటి అడవిలోకి వెళ్తే వచ్చే కోయ పల్లె ఆమెది. ఇంట్లో కోయభాష, బడిలో తెలుగు, ఇక్కడ ఇంగ్లీషు. అయినా ప్రోగ్రాం ఎక్కడ తప్పుతోందో ఆమెకు ఇట్టే దొరికేది. సార్ బోర్డు మీద రాసింది నేను బట్టీ పట్టేదాన్ని. ఆమె పుస్తకం మూసేసి సొంతంగా మళ్లీ రాసేది. ప్రోగ్రాంలో లూపులు నాకు ఆమె మంచం మీద కూర్చుని చెప్పించుకున్నాకే అర్థమయ్యాయి.

కోర్సు చివర్లో హైదరాబాద్ నుంచి ఒక కంపెనీ వచ్చి పరీక్ష పెట్టింది. ఫలితం ఫోన్‌లో చెబుతామన్నారు. నాగమణి బీడీలకు వాడే తునికాకు కోతకు ఊరెళ్లాలి. అక్కడ సిగ్నల్ లేదు. అందుకని నా నంబరు ఇచ్చి వెళ్లింది.

ఫోన్ వచ్చింది. పరీక్షలో నాగమణి ఎంపికైంది, సోమవారం ఇంటర్వ్యూకి రావాలి అన్నారు. నా సంగతి అడిగాను. తర్వాతి పేరు మీదే, ఎవరైనా రాకపోతే పిలుస్తాం అన్నారు.

"నాగమణికి పెళ్లి కుదిరింది సార్, ఉద్యోగం చెయ్యదు," అన్నాను.

అంత సులువుగా ఎలా వచ్చింది ఆ మాట? ముందే అనుకున్నానా? లేదనే ఇప్పటికీ చెప్పుకుంటాను. కానీ ఆ సాయంత్రమే తిరిగి ఫోన్ చేసి సరిదిద్దగలిగేదాన్ని. ములకలపల్లి బస్సెక్కి వెళ్లి ఆమెకు చెప్పగలిగేదాన్ని. చేయలేదు. ఇన్‌స్టిట్యూట్ సార్ అడిగితే ఆయనకూ అదే పెళ్లి కథ చెప్పాను. కాబట్టి దాన్ని పొరపాటు అనడానికి వీల్లేదు.

ఇంటర్వ్యూకి నేను వెళ్లాను. ఉద్యోగం వచ్చింది.

ఆకు పని అయ్యాక నాగమణి సామాను తీసుకుపోవడానికి హాస్టల్‌కు వచ్చింది. చేతులు ఆకు పసరుతో నల్లబడి ఉన్నాయి.

"ఫోన్ గిట్ల వచ్చిందా?" అని అడిగింది.

"రాలే," అన్నాను.

"నీకు?"

"వచ్చింది. తీసుకున్నరు."

కాసేపు పెట్టె సర్దుకుంది. "పోనీ, నీకన్న వచ్చింది. నా ఇంగ్లీషు గట్లుంటే ఎవరిస్తరు," అంది.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. విప్పలేదు. తన ఇంగ్లీషు వల్లే పోయిందని ఆమె నమ్మింది, నేను నమ్మనిచ్చాను. ఉద్యోగం లాక్కున్నదానికంటే ఇదే నన్ను ఎక్కువ తినేస్తుంది.

ఆమె మళ్లీ ఏ ఇన్‌స్టిట్యూట్ గడపా తొక్కలేదు. ఇప్పుడు సారపాకలో, కాగితం మిల్లుకు వచ్చే జామాయిల్ కర్ర లారీలను తూచే కాటా దగ్గర కంప్యూటర్‌లో బరువులు ఎక్కిస్తుంది. పండక్కి ఫోన్ చేసి నా పిల్లలను పేరుపేరునా అడుగుతుంది. నేను హైదరాబాద్‌లో టీమ్ లీడ్‌ని. కొత్తవాళ్లను ఇంటర్వ్యూ చేసేది నేనే. ఇంగ్లీషులో తడబడే పిల్లలను తెలుగులో చెప్పమంటాను. అది ప్రాయశ్చిత్తమా? వాళ్లలో ఎవరూ నాగమణి కారు.

ఆమెకు ఇంకా చెప్పలేదు. చెబితే తిడుతుందేమోనని భయం. ఏమీ అనకుండా ఊరుకుంటుందేమోనన్న భయం అంతకంటే ఎక్కువ. ఇక్కడ మాత్రం ఏ వంకా పెట్టకుండా రాశాను: ఆ ఉద్యోగం నాగమణిది, అబద్ధం నాది. రాశాక ఊపిరి కాస్త సాఫీగా ఆడుతోంది. ఆ మాత్రం తేలిక కూడా నాకు దక్కవలసిందో కాదో తెలియదు.