సూరమ్మ మడి నుంచి సూరమ్మ దగ్గరికి

కర్ణాటకలో గంగావతి దగ్గర మా ఊరిని ఇప్పటికీ క్యాంపు అనే అంటారు. తుంగభద్ర కాలువ వచ్చిన కొత్తలో, వరి సాగు తెలిసిన గోదావరి జిల్లాల రైతులు మెట్టభూములు కొనుక్కుని గుడారాలు వేసుకున్న చోటది. మా పొలంలో కాలువ పక్కనున్న మడిని ఇంటిల్లిపాదీ సూరమ్మ మడి అంటాం. ఆ సూరమ్మ ఎవరని మొన్న నాట్లప్పుడు నాన్నను అడిగాను. "మా మేనత్త. నన్ను చంకనేసుకుని క్యాంపుకి తెచ్చింది ఆవిడే" అన్నారు. తాతయ్య పోయాక ఉత్తరాలు ఆగిపోయాయట. ఆవిడ ఉన్నదీ లేనిదీ ఆయనకు తెలియదు. ఆ వారంలోనే బయలుదేరాం.

హోస్పేటలో రైలెక్కి, విజయవాడలో మారి, ఉదయం ఏడున్నరకి సామర్లకోటలో దిగాం. స్టేషన్ బయట పెసరట్టు ఉప్మా తిని, పిఠాపురం అవతల, పాత ఉత్తరాల మీదున్న పల్లెకు నాలుగు వందల యాభైకి ఆటో మాట్లాడుకున్నాం. "ఎక్కణ్ణించి వస్తున్నారండి?" అన్నాడు డ్రైవరు. చెప్పాను. "అయితే కర్ణాటకవాళ్ళా అండి. తెలుగు బాగా మాట్లాడుతున్నారు" అన్నాడు. నాన్న నవ్వారు. అక్కడ మేము ఆంధ్రావాళ్ళం మరి.

ఇంటిపేరు చెప్పి అడిగితే రెండో వీధిలోనే ఇల్లు చూపించారు. ఎనభై దాటిన సన్నటి మనిషి అరుగు మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నాన్న తన పేరు చెప్పగానే చేతిలోని కాయ కింద పెట్టింది.

"కిట్టయ్యవా? దగ్గరకి రా, చెవి పక్క మచ్చ చూడనీ."

డెబ్బై ఏళ్ళ నాన్న ఆవిడ ముందు వంగి కూర్చున్నారు. ఆవిడ మచ్చ తడిమి చూసి, చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

అన్నం తిన్నాక ఆవిడే చెప్పుకొచ్చింది. పదహారేళ్ళప్పుడు అన్నావదినలతో వెళ్ళి, తుమ్మకంపలు నరికి, రాళ్ళు ఏరి కాలువ పక్క మడిని చదును చేసిందట. "పక్క చేను గౌరమ్మ జొన్నరొట్టెలు పెట్టేది. మనం కొన్నది వాళ్ళ భూమే. నీళ్ళు రాకముందే చవగ్గా అమ్మేసుకున్నారు పాపం. అయినా పెట్టింది." మొదటి పంట కోతకొచ్చే వేళకి ఇక్కడ సంబంధం కుదిరిందని తాతయ్య ఆవిణ్ణి వెనక్కి పంపేశారు. "ఆ పంట నేను చూడలేదురా."

"అత్తా, దాన్ని ఇప్పటికీ సూరమ్మ మడి అనే అంటాం" అన్నారు నాన్న.

ఆవిడ చీర చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని, "కోతలెప్పుడు?" అంది.

"ఇంకో మూడు నెలలకి."

"నేనొస్తాను."

ఆవిడ కొడుకు సత్యం గారు కంగారుపడ్డారు. "ఈ వయసులో అంత దూరం ఎందుకమ్మా? ఫోన్లో చూపిస్తార్లే."

"అప్పుడు వెళ్ళమన్నప్పుడు వెళ్ళాను, రమ్మన్నప్పుడు వచ్చాను. నన్నెవరూ అడగలేదు. ఇప్పుడు నేను చెప్తున్నాను" అంది, గొంతు పెంచకుండానే.

మూడు నెలలకి సత్యం గారే తీసుకొచ్చారు. ఆవిడ గట్టు మీద చెప్పులు విడిచి మడిలోకి దిగింది. ఒక వెన్ను తుంచి, గింజ నలిపి నోట్లో వేసుకుంది. తర్వాత గౌరమ్మ వాళ్ళు ఎక్కడుంటారని అడిగింది. గౌరమ్మ ఎప్పుడో పోయింది. ఆమె మనవరాలింట్లో సూరమ్మ మామ్మా నేనూ కూర్చుని జొన్నరొట్టె తిన్నాం. ఆవిడ మర్చిపోయాననుకున్న కన్నడ మాటలు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. తాతలు వలస వచ్చి భూమి సంపాదించారని వింటూ పెరిగాను. ఆ మాటలో సూరమ్మ మామ్మ లేదు, గౌరమ్మా లేదు. ఇప్పుడు మా పిల్లలకి చెప్పేటప్పుడు వాళ్ళిద్దరితోనే మొదలుపెడుతున్నాను.

ఇలా పాత చుట్టాలను వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళకి ఒక్క మాట: తిరుగు టికెట్ అదే రోజుకి తీసుకోకండి. మేము సాయంత్రం రైలుకి తీసుకున్నాం. ఆవిడ ఇంకా చెబుతుండగానే లేవాల్సి వచ్చింది.