గులాబీ రంగు పోని రోజు

రామచంద్రపురం కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరర్‌గా చేరిన కొత్తలో, ప్రిన్సిపాల్‌గారు నా ల్యాబ్ క్లాసు చూడ్డానికి వచ్చారు. ఇండికేటర్ వేస్తే గులాబీ రంగుకొచ్చిన క్షారం ఉన్న ఫ్లాస్కులోకి, బ్యూరెట్ అనే కొలత గొట్టం నుంచి యాసిడ్ చుక్కలుగా వదిలాను. లెక్క ప్రకారం పోవాల్సిన కొలత దగ్గర గులాబీ రంగు పోలేదు.

"ఏంటండీ ఇది?" అన్నారాయన.

"అటెండర్‌గారు యాసిడ్ పలచగా కలిపారండి."

అటెండర్ నావైపు చూసి, "అవునండి, పొరపాటైంది" అన్నారు.

మర్నాడే ఆయన్ని గేటు దగ్గరికి మార్చారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి ల్యాబ్‌లో గాజుసామాను నేనొక్కణ్నే కడుక్కున్నాను. ఆయన గేటు దగ్గర నమస్కారం పెడితే తల దించుకుని వెళ్లిపోయేవాణ్ని.

ఇప్పుడాయన లేరు. ఆ రోజు ఆయన యాసిడ్ సరిగ్గానే కలిపారు. నీళ్లతో కడిగిన బ్యూరెట్‌ని ఆ యాసిడ్‌తో మరోసారి కడగాలి. తొందరలో నేను కడగలేదు. లోపల మిగిలిన నీళ్లే దాన్ని పలచన చేశాయి.

అటెండర్‌గారు నా పక్కనే నిలబడి అంతా చూశారు.