బాలశౌరి డీజిల్ పద్దు

బాలశౌరి కాపురం ఏడు మీటర్ల వ్యానులో. పడక వెనక, వంట మధ్యలో, స్టీరింగు ముందు. భార్య పుష్పవతి పొయ్యి మీద మిరపకాయల పోపు వేసిందంటే డ్రైవరు సీటులో ఉన్నవాడికి తుమ్ములు రావలసిందే.

ఐర్లండ్ వచ్చి పంతొమ్మిదేళ్ళయింది. ఆమె నర్సు, ఆయన వృద్ధాశ్రమాల్లో ముసలివాళ్ళకి స్నానం, తిండీ చూసే కేరర్. ఇద్దరూ ఏజెన్సీ తరఫున పనిచేస్తారు కాబట్టి ఒక వారం అత్లోన్, ఇంకో వారం క్లాండాల్కిన్, ఎక్కడ పిలిస్తే అక్కడికి పోవాలి. ఆడమ్స్‌టౌన్‌లో తొమ్మిదేళ్ళు అద్దెకున్న ఇంటిని ఓనరు ఈ వసంతంలో అమ్మేశాడు. కొత్త ఇళ్ళ అద్దెలు నెలరోజులు విని, విన్న ప్రతిసారీ ఒక గ్లాసు మంచినీళ్ళు తాగి, చివరికి బాలశౌరి ఒక పాత క్యాంపర్ వ్యాను కొనేశాడు. గాల్వేలో చదువుకుంటున్న కూతురు రోజీకి ఫోన్లో చెప్తే, "దట్స్ గ్రాండ్, డాడ్. బట్ వేర్ డూ ఐ స్లీప్?" అంది. ఆయన వీడియోలో డ్రైవరు పక్క సీటు వెనక్కి ఎలా వాలుతుందో చూపించాడు. కూతురు ఆ తర్వాత పడక గురించి అడగలేదు.

అసలు ఆయనకి ఆ వ్యాను మీద అంత ప్రేమ ఎందుకంటే ఒక మేకు. పంతొమ్మిదేళ్ళలో ఆరు అద్దె ఇళ్ళు మారారు. ఆరింటి లీజుల్లోనూ గోడకి మేకులు కొట్టరాదని రాసి ఉంది. గుంటూరు నుంచి తెచ్చిన మరియమ్మ పటం పంతొమ్మిదేళ్ళూ ప్రెస్సు మీద గోడకి ఆనుకుని నిలబడింది. ఐర్లండులో అల్మారాని ప్రెస్సంటారు. వ్యాను కొన్న రోజున బాలశౌరి ఎవర్నీ అడక్కుండా గోడకి మేకు కొట్టాడు. అది అవతలికి పొడుచుకొచ్చి, ఆ వారమంతా పటం వెనక వాన కారింది. అయినా తీయలేదు. బయటినుంచి జిగురు పూసి, ఇది నా గోడ అన్నట్టు దాని చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

ఇలా ఉండగా సెప్టెంబరులో ఆ గోడకే ఎసరొచ్చింది. అత్లోన్‌లో ఉండే స్తెఫను, దేవకుమారి దంపతులు వీళ్ళకి ఆప్తులు. వాళ్ళ వీధిలోనే ఒక ఇంట్లో గది ఖాళీ అయిందని, వంటింట్లో వాటా ఉంటుందని దేవకుమారి కబురు చెప్పింది. పుష్పవతి అద్దె, కరెంటు, తిండీ, బస్సు చార్జీలు అన్నీ కలిపి చూసుకుంది. నెలకి పదిహేను వందల యూరోలు తేలింది.

"చూడండి, మీ వ్యాను ఖర్చు పదిహేను వందల లోపయితే వ్యానులోనే ఉందాం. దాటిందంటే గదే. అదే డబ్బుకి కనీసం నిలబడి జడేసుకోవచ్చు. అక్టోబరు నెల లెక్క చూసి చెప్తాను" అంది.

లెక్కలు రాసేది బాలశౌరే. ఎర్ర అట్ట పొడుగు పుస్తకం ఒకటుంది. రోజూ సాయంత్రం భోజనమయ్యాక కళ్ళద్దాలు పెట్టుకుని, గుడిలో వాక్యం చదివినంత నిదానంగా చదివేవాడు. "రొట్టె, ఒకటీ డెబ్బై. గ్యాసు బండ, నలభై రెండు. బట్టలుతికే మిషను, పది." పుష్పవతి కాళ్ళు చాపుకుని వినేది. డీజిల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆయన గొంతు కొంచెం వడి అందుకునేది.

దానికి కారణముంది. శనివారాలు పుష్పవతికి అత్లోన్‌లో డ్యూటీ. ఆ రాత్రి క్యాంపింగ్ సైటుకి ఇరవై ఎనిమిది యూరోలు కట్టేబదులు స్తెఫను వాళ్ళింటి ముందు వ్యాను ఆపుకునేవాళ్ళు. ఖర్చు లేదు, పైగా దేవకుమారి చేతి భోజనం. "ఇరవై ఎనిమిది మిగిలింది" అని బాలశౌరి పుస్తకంలో గర్వంగా రాసేవాడు. కానీ భోజనానికి పిలిచిన ఇంటికి చేతులూపుకుంటూ ఎలా వెళ్తాడు? వెళ్ళే దారిలో పెట్రోలు బంకులో డీజిల్ కొట్టించి, అక్కడి షాపులోనే ద్రాక్షపళ్ళు, నారింజలు, ఒక చాక్లెట్ల పెట్టె కొనేవాడు. వచ్చేటప్పుడు వాళ్ళ పిల్లలిద్దరి చేతుల్లో చాటుగా తలో పది యూరోలు పెట్టేవాడు. పెద్దపిల్ల పుట్టినరోజొస్తే కవరు.

ఇదంతా పుస్తకంలో ఎక్కడ రాయాలి? ఆయన మనసు దానికి ఒప్పుకోలేదు. ఒకరికి ప్రేమతో పెట్టినదాన్ని తారీకు వేసి రాసిపెట్టుకుంటే అది పెట్టినట్టా, అప్పిచ్చినట్టా? రాయకపోతే జేబులో డబ్బుకీ పుస్తకానికీ పొంతన కుదరదు. మొదటిసారి పద్నాలుగు యూరోల ద్రాక్షపళ్ళప్పుడు బాగా ఆలోచించాడు. బంకులోనేగా కొన్నది, బిల్లు ఒక్కటేగా, ఒకరింటికి వెళ్ళడమంటే ప్రయాణమేగా. డీజిల్ కింద వేసేశాడు. తర్వాత ఆలోచించడం మానేశాడు.

పుష్పవతి డ్యూటీ దిగి ఎనిమిదింటికి నేరుగా భోజనానికొచ్చేది. "దేవకుమారి ఇంట్లో ఎప్పుడూ పళ్ళుంటాయండీ. ఎంత శుభ్రంగా ఉంటుందో సంసారం. మనకీ ఉన్నాయి, రెండు ఉల్లిపాయలు" అనేది. బాలశౌరి కిటికీలోంచి బయటికి చూసేవాడు.

అక్టోబరు ఇరవై తొమ్మిదిన పుస్తకం చదివాడు. నెలాఖరు దాకా సైటు డబ్బులు కట్టేశాడు, సరుకులు వచ్చేశాయి. ఇంక కొనేది లేదు. మొత్తం పద్నాలుగు వందల డెబ్బై. గెలిచానన్న సంతోషంతో పుస్తకం మూయబోయాడు.

"ఆగండి" అంది పుష్పవతి. యూనిఫాం జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసింది. "ఈ నెల వ్యానుకి చార్టు పెట్టాను. పేషెంటుకి పెడతాం చూడండి, లోపలికి ఎన్ని నీళ్ళు పోయాయి, బయటికి ఎన్ని వచ్చాయి అని. అలాగే. వ్యాను తాగింది నాలుగు వందల ఎనిమిది యూరోల డీజిలు. అంటే రెండు వందల నలభై లీటర్లు. తిరిగింది వెయ్యిన్నీ అరవై కిలోమీటర్లు. లీటరుకి నాలుగున్నర కూడా రాలేదు."

"పాత బండి కదా పుష్పా."

"పాతదయితే మాత్రం తాగింది ఎక్కడికో పోవాలిగా. ఒంట్లో నీరు చేరితే కాళ్ళు వాస్తాయి. దీనికి వాపు లేదు. అంటే కారుతోంది. రేపు నాకు సెలవు. క్లాండాల్కిన్‌లో మెకానిక్ దగ్గర టైము తీసుకున్నాను."

బాలశౌరి మర్నాడు దారి పొడుగునా నిజం చెప్పేద్దామనే కూర్చున్నాడు. మొదటి రౌండెబౌటు దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"వ్యాను బాగానే ఉందేమో పుష్పా."

"జ్వరం లేదని పేషెంటు చెప్తే థర్మామీటరు మానేస్తామా?"

రెండో రౌండెబౌటు దగ్గర, "ఒకవేళ నేను రాయడంలో ఏదైనా..." అన్నాడు.

"మీరు రాయడంలో తప్పా? రొట్టె ముక్క కూడా వదలరు కదా మీరు" అంది ఆమె నిష్కల్మషంగా. మూడో రౌండెబౌటుని ఆయన ఊరికే దాటేశాడు.

మెకానిక్ పేరు డెక్లన్. వ్యాను కింద దూరాడు, పైన ఎక్కాడు, కంప్యూటరు తగిలించాడు, ఊరంతా ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. గంటన్నర తర్వాత చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఇంజను గ్రాండ్‌గా ఉందని, చుక్క కూడా కారడం లేదని, హాయిగా లీటరుకి పది కిలోమీటర్లు ఇస్తుందని చెప్పాడు. చెప్పి తొంభై యూరోల బిల్లు చేతికిచ్చాడు.

పుష్పవతి బిల్లు చూడలేదు. ఆమె ముఖంలో ఇంకో ఆలోచన కదులుతోంది.

"అయితే దొంగతనమే" అంది. "రాత్రిళ్ళు ఎవరో టాంకులోంచి లాగేస్తున్నారు. గార్డులకి చెప్దాం." ఫోను తీసింది.

"పోలీసులెందుకే ఇంతదానికి?"

"నూట ముప్పై లీటర్లండీ. ఏ రాత్రి ఎక్కడ ఆపామో చెప్పమంటారు. శనివారాలన్నీ స్తెఫను వాళ్ళింటి ముందే. ఎక్కువ పోయింది కూడా శనివారాలే, నా చార్టులో ఉంది." నంబరు నొక్కబోయింది. "ఆ వీధిలో ఎవరో అయ్యుంటారు. పాపం, స్తెఫనుని కూడా అడుగుతారేమో."

బాలశౌరి కళ్ళ ముందు స్తెఫను కనిపించాడు. వందనాలన్నయ్యా అంటూ గేటు దాకా ఎదురొచ్చే స్తెఫను గార్డుల ముందు నిలబడి, మీ ఇంటి ముందు డీజిలు ఎవరు తీశారన్న ప్రశ్నకి జవాబు చెప్తున్నాడు. పక్కన దేవకుమారి, చేతిలో ద్రాక్షపళ్ళ పళ్ళెం.

"ఫోన్ పెట్టెయ్" అన్నాడు. "డీజిలు స్తెఫను పిల్లలు తిన్నారు."

పుష్పవతి ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

ఇంక దాచేందుకు లేదు. ద్రాక్షపళ్ళ దగ్గర మొదలుపెట్టి కవరు దాకా ఒక్కొక్కటీ అప్పజెప్పాడు. ఆమె టైర్ల గుట్ట పక్కన విరిగిన కుర్చీలో కూర్చుని, ఒళ్ళో ఎర్ర పుస్తకం పెట్టుకుని, ఆయన చెప్తుంటే డీజిల్ పద్దు కొట్టేసి మళ్ళీ రాసింది. అసలు డీజిలు నూట ఎనభై. మిగతా రెండు వందల ఇరవై ఎనిమిదీ మర్యాద.

"ఆ పళ్ళు మీరు కొన్నవా?" అంది. మొత్తం మీద ఆమెకి బాధ కలిగించింది ఇదే అన్నట్టుంది. "నెల్నుంచీ దేవకుమారిని చూసి నేర్చుకోమని నన్ను నేను తిట్టుకుంటున్నాను."

"చెప్పాలనే ఉంది."

"ఏ రౌండెబౌటు దగ్గర?"

డెక్లన్ ఆ వైపు వచ్చి, అంతా బాగానే ఉందా అని అడిగాడు. పుష్పవతి ఇంగ్లీషులో రెండు ముక్కల్లో విషయం చెప్పింది. అతను చాలాసేపు తల ఊపి, మా అమ్మ కూడా అంతే, ఎవరింటికైనా బయల్దేరిందంటే దారిలో దుకాణం తప్పదు అన్నాడు. బిల్లు మాత్రం తగ్గించలేదు.

ఆ తొంభై కలిపితే నెల పదిహేను వందల అరవై. పుష్పవతి ఆ అంకె కింద రెండు గీతలు గీసి, పుస్తకం ఆయన వైపు తిప్పింది. మాట మాటే. వ్యాను అమ్మకం, అత్లోన్‌లో గది, గదిలో లీజు, లీజులో మేకు.

బాలశౌరి ఆ రెండు గీతల వంక చూస్తూ నిలబడ్డాడు. ఆయన వాదించే మనిషి కాదు. కానీ అన్నీ బయటపెట్టేశాక పోయేదేమీ లేకపోవడంతో బుర్ర తేలికపడి, కొంచెం పనిచేసింది.

"గదికి పదిహేను వందలన్నావు కదా. అందులో మర్యాద ఎంత వేశావు?"

పుష్పవతి నోటుబుక్కు తిరగేసింది. అద్దె ఉంది, కరెంటు ఉంది, బస్సు ఉంది.

"వెయ్యలేదు" అంది.

"గది ఎక్కడ?"

"వాళ్ళ వీధిలో."

"ఇప్పుడు మనం వారానికొకసారి వెళ్తున్నాం. వీధిలోనే ఉంటే? సాయంత్రం వాళ్ళ పాప ఆంటీ అంటూ వస్తుంది. ఊరికే పంపిస్తావా? చర్చి నుంచి వచ్చేవాళ్ళు మనింటికీ వస్తారు. టీ ఇచ్చి ఊరుకుంటావా? వ్యానులో నలుగురు పట్టరు కాబట్టి ఇన్నాళ్ళూ ఎవరూ రాలేదు. గదిలో పడతారు."

పుష్పవతి పెన్ను చివర నోట్లో పెట్టుకుని లెక్క వేసింది. ఆమె న్యాయమైన మనిషి. తనకి వ్యతిరేకంగా వచ్చే లెక్కని కూడా పూర్తిగా వేస్తుంది. వేసేకొద్దీ ముఖం పొడుగయింది. చివరికి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది.

"గదికి పద్దెనిమిది వందలైనా చాలవు" అంది. అక్కడినుంచే దేవకుమారికి ఫోన్ చేసింది. "గది వద్దులే దేవకుమారీ. మంచిదే, కానీ మా స్తోమతకి మించింది." అటు నుంచి ఏదో జాలిగా వినిపించింది. "అయ్యో, నువ్వేమీ తగ్గించి మాట్లాడొద్దు ఓనరుతో. శనివారమా? ఈ శనివారం కుదరదు. రాలేం."

ఫోను పెట్టేసి ఎర్ర పుస్తకం తన సంచిలో వేసుకుంది. "ఇకనుంచి నేను రాస్తాను." బాలశౌరికి పుస్తకం పోయింది. కానీ చేతిలో వ్యాను తాళాలున్నాయి. తాళాలు నయం.

డబ్బు ముందే కట్టిన సైటుకి వెలుతురుండగానే చేరుకున్నారు. పుష్పవతి కొత్త పేజీ తీసి, నవంబరు అని రాసి, మర్యాద అని ఒక గడి గీసి అందులో నలభై వేసింది. "నెలకి ఇంతే. దీని మీద ఒక్క నారింజ కూడా లేదు" అంటుండగా తలుపు మీద చప్పుడైంది.

పక్క వ్యానులో ఉండే ముసలావిడ. వానలో తల మీద సంచి కప్పుకుని నిలబడింది. యాపిల్ టార్టు చేశానని, ఒక్కదాన్ని ఇంత తినలేనని చెప్పి, పింగాణీ ప్లేటు పుష్పవతి చేతిలో పెట్టి, ప్లేటు కోసం తొందరేమీ లేదంటూ వెళ్ళిపోయింది.

టార్టు వేడిగా ఉంది. ఇద్దరూ ముక్క మిగల్చకుండా తిన్నారు. పుష్పవతి ప్లేటు కడిగి తుడిచి, అంచున ఉన్న నీలం పువ్వులని కాసేపు చూసింది. ఒక మాటు పుస్తకం వైపు, ఒక మాటు పక్క వ్యాను దీపం వైపు చూసింది.

"ప్లేటు ఖాళీగా ఎలా ఇస్తాం?" అంది.

బాలశౌరి నవ్వు ఆపుకుంటూ మర్యాద గడి వంక చూశాడు.

"అలా చూస్తారేం. ఆ పై ప్రెస్సులో శనగపిండి ఎంతుందో చూడండి."