మ్యాచింగ్ కుదరని ఊసరవెల్లి

మొన్న జాకెట్టు ముక్క కోసం ఉప్పల్‌లో మ్యాచింగ్ సెంటర్‌కి వెళ్లాను. కొట్టతను నా చిలకాకుపచ్చ చీర మీద ఒక్కో ముక్కా పరిచి చూపిస్తుంటే నాకు ఫక్కున నవ్వొచ్చింది. అతను పాపం నొచ్చుకున్నాడు. మా అత్తగారి గురించీ, ఊసరవెల్లి గురించీ పరాయి మనిషికి ఏమని చెప్పను!

నాలుగేళ్ల కిందట నాచారంలో అందరం ఒకే ఇంట్లో ఉన్నప్పుడు, మా మరిది కుక్కనో పిల్లినో కాకుండా ఒక పరదేశపు ఊసరవెల్లిని అనుమతి కాగితాలతో సహా తెచ్చి పెంచాడు. జాలీ పెట్టె, అందులో ఓ కొమ్మ, పైన వెచ్చదనానికి బుగ్గ. బుగ్గంటే బల్బని గుంటూరు నుంచి వచ్చిన నాకు తెలియడానికే ఏడాది పట్టింది. జాకెట్టు రంగులో రవ్వంత తేడా వచ్చినా దుకాణం మెట్లు మళ్లీ ఎక్కే మా అత్తగారు, తన చీరలన్నీ మంచం మీద పరిచి దాన్ని నడిపించింది. కుంకుమరంగు పట్టు మీద అది పచ్చగానే ఉంది. పసుపు మీదా పచ్చగానే ఉంది. స్టీలు బిందెలో తన నీడ చూసుకుని మాత్రం కోపంతో ఒళ్లంతా చారలు తెచ్చుకుంది. "ఏందిరా గిది? ఎర్రకోక మీద ఎర్రగ గావాలె గద! నిన్ను మోసం జేసి తొండనిచ్చిన్రు" అని తేల్చేసింది. మరిది తల పట్టుకున్నాడు. "సుట్టున్న రంగును సూసి మారదే అమ్మా. సలివెడితే ఎండను గుంజుకోనీకి నల్లగైతది. బుగులై బయపడ్డా, కోపమొచ్చినా రంగు మారుస్తది." అత్తగారు నమ్మలేదు. నిజం చెప్పొద్దూ, నేనూ నమ్మలేదు.

ఆ చలికాలం మరిది ఆఫీసు పని మీద నాలుగు రోజులు బెంగళూరు వెళ్తూ, "వదినా, పైలంగ సూస్కో" అని దాన్ని నాకు అప్పజెప్పాడు. స్కూల్లో పరీక్షల హడావిడిలో నేను ఒకరోజంతా పెట్టె వంక చూడనేలేదు. మర్నాడు పొద్దున చూస్తే బొగ్గులా నల్లబడి, నల్లటి కొమ్మను కరుచుకుని కళ్లు మూసుకునుంది. "సూసినవా పిల్లా, కొమ్మకు మ్యాచింగైంది!" అని అత్తగారు చప్పట్లు కొట్టింది. అర నిమిషం నేనూ మురిసిపోయాను. అప్పుడు కనిపించింది, బల్బు వెలగడం లేదు.

"ఎవరార్పారత్తమ్మా?"

"నేనే, నిన్న బందు జేసిన. పొద్దంత నెత్తిమీద బుగ్గ మండుతాంటే పాపం దాని పానం ఎట్లుంటది?"

మరిది మాటలు గుర్తొచ్చి, దాన్ని కొమ్మతో సహా పట్టుకుని డాబా మీదికి పరిగెత్తాను. అత్తగారు మోకాళ్ల నొప్పులు మరిచి నా వెనకే వచ్చింది. గాలి తగలకుండా కొంగు అడ్డం పెట్టి, దాన్ని ఎండలో తన ఒడి దగ్గర పట్టుకుంది. "బిడ్డా, నాకు మ్యాచింగొద్దు గీచింగొద్దు. నీ రంగు నీకొస్తే సాలు" అని బతిమాలుతుంటే నాకు ఏడుపొచ్చింది. చాలాసేపటికి డొక్కలో గోరంత పచ్చదనం కనిపించింది. తర్వాత మెడ మీద. ఆఖరికి కళ్లు తెరుచుకుని, ఒకటి నావైపూ, రెండోది అత్తగారివైపూ తిరిగాయి. ఇద్దరం నవ్వేశాం. కింద పప్పు మాడిన వాసన వస్తున్నా లేవలేదు. పదిహేనేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాం గానీ, ఆవిడా నేనూ పక్కపక్కన కూర్చుని, ఏ తొందరా లేకుండా పొద్దెక్కడం చూసింది ఆ ఒక్కరోజే.