లక్కతో మూసిన కంప్యూటర్లు

మొన్న పోచారంలో ఉద్యోగం చేసే మా చిన్నమ్మాయి, ఆఫీసువాళ్లు తప్పనిసరిగా చూడమన్న డేటా భద్రత పాఠాన్ని ఫోనులో పెట్టుకుని, అన్నం తింటూ అరగంటలో ముగించేసింది. అదే పాఠం నేర్చుకోవడానికి నేనెంత ఏడ్చానో చెబితే నవ్వుతుందని ఊరుకున్నాను గానీ, నా ఈడు వాళ్లు కనుక మీతో చెప్పుకోవచ్చు.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయినప్పటి మాట. నాచారం పారిశ్రామికవాడలో, ఒక డబ్బాల ఫ్యాక్టరీ పైఅంతస్తులో మా కంపెనీ ఉండేది. ఆసుపత్రులు పంపే రోగుల కాగితాలను కంప్యూటర్లో ఎక్కించడం మా పని. మా సారు, అంటే యజమాని, సాయంత్రం వెళ్లేటప్పుడు అందరికంటే ముందు తన సంచే వాచ్‌మన్‌కు తెరిచి చూపించేవారు, ఇక మాకు సణగడానికి నోరెక్కడిది! ఒకసారి ఆసుపత్రి కాగితాలు జిరాక్స్ షాపులో మరిచిపోయి, పరుగున వెళ్లి తెచ్చుకుని, మర్నాడు ఆ సంగతి తానే అందరి ముందూ చెప్పి తన చెవులు తానే పట్టుకున్నారు.

పెన్ డ్రైవ్‌ను మెడలో తాడుకు తగిలించుకుని తిరగడం అప్పట్లో మనకదో డాబు. రోగుల వివరాలు గడప దాటకూడదని సారు ఎంత చెప్పినా, పని మిగిలిపోయిందని ఓ శనివారం ఒక ఆసుపత్రి ఫైలును అందులో వేసుకుని రామంతాపూర్‌లోని ఇంటికి బయల్దేరాను. ఉప్పల్‌లో షేర్ ఆటో మారి ఇల్లు చేరి చూసుకుంటే, మెడలో తాడు మాత్రమే ఉంది. మా ఆయన పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి మూడు నెలలు, ఇల్లు నా ఉద్యోగం మీదే నడుస్తోంది. నేను నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు కూడా. కానీ ఎవరెవరి రోగాలో పేర్లతో సహా ఆ ఫైల్లో ఉన్నాయే అన్నదే ఆదివారమంతా ఆలోచన. జిరాక్స్ షాపు సంగతి చెప్పిన మనిషి కదా అన్న ఒక్క ధైర్యంతో సోమవారం పొద్దున్నే ఆయన గదిలోకి వెళ్లి చెప్పేశాను.

ఆయన ముఖం పాలిపోయింది. "రూల్ దప్పినవమ్మా, తప్పు జేసినవ్. గిప్పుడు ఏడిస్తే ఏం ఫాయిదా? దాంట్ల ఎవరెవరి పేర్లున్నయో జర కాగితం మీద రాయి" అన్నారు. నేను రాస్తుండగానే ఆసుపత్రికి ఫోన్ చేసి తప్పు తనదేనన్నారు, నా పేరు ఎత్తలేదు. పెన్ డ్రైవ్ దొరకలేదు, ఆ ఆసుపత్రి పని చేజారింది, నా ఉద్యోగం మాత్రం నిలిచింది. ఆ వారమే పెన్ డ్రైవ్ పెట్టే రంధ్రాలన్నిటినీ, పార్సిళ్లకు వేసే లక్క కరిగించి మూయించారు, మొదట తన కంప్యూటర్‌కే. ఆ పొగకు దగ్గుతూనే అందరం నవ్వుకున్నాం.

తెలంగాణ వచ్చేనాటికి ఆయన కంపెనీ అమ్మేసి వెళ్లిపోయారు. కొత్త యాజమాన్యం కెమెరాలు, వేలిముద్రల తలుపులు పెట్టి, నన్ను సూపర్‌వైజర్ని చేసి, ఎవరిది తప్పయినా ముందు మెమో ఇమ్మంది. నిక్కచ్చిగా ఇచ్చాను. నా కింద పనిచేసే ఒకావిడ ఒక ఆసుపత్రి ఫైలును ఇంకో ఆసుపత్రికి పంపేసి కిమ్మనలేదు. నాలుగు రోజుల తర్వాత అది అందుకున్న ఆసుపత్రివాళ్లే ఫోన్ చేస్తే తెలిసింది. ఎందుకు దాచావని అడిగితే తలవంచుకుని, "మీకు జెప్పాల్నంటేనే భయమైంది మేడమ్" అంది.

ఇప్పటి తాళాలు అప్పటికంటే ఎంతో గట్టివి, కాదనను. అయినా తప్పు చేసి ఏడుస్తూ వెళ్లి చెప్పుకోవడానికి నాకు అప్పుడు సారు ఉన్నారు. ఆవిడకు నేను ఎదురుగా ఉండీ లేకపోయాను.