అన్న కాడ కూసోలేకపోయిన

మొన్న ఆదివారం బిడ్డ బలవంతం మీద గద్వాలల సినిమా పగటి ఆటకు పోయిన. తండ్రి పోతే కొడుకులు ఇల్లు చేరుడు, ఆఖరి స్నానం పోసుడు, పాత కోపాలు అక్కడనే కరిగిపోవుడు, అంతే కథ. పీనుగకు పెద్దకొడుకు తల దువ్వుతుంటే నాకు ఏడుపు ఆగలే. ముందు సీటాయన వెనక్కి తిరిగి తన నీళ్ల సీస ఇచ్చిండంటే ఎట్ల ఏడ్చిన్నో చూడుండ్రి. బిడ్డ పరేషానయింది. "ఏంది నాయినా, పెద్దనాయిన పోయిననాడు గూడ ఏడ్వలేదు గదా!" అన్నది.

నిజమే. మా ఇంట్ల ఎవరు పోయినా ఏర్పాట్లు నావే. కట్టెలు, కొత్తబట్ట, డప్పులోళ్లు, వీపనగండ్ల నుంచి రావాల్సిన మేనత్తకు బండి, అన్నీ నోటికొచ్చు. చావు కబురు రాంగనే అందరు ఏడుస్తుంటే నేను ఫోను చార్జింగుకు పెడుతుంటి. "వీడుండంగ సచ్చెటోనికి రంది లేదు" అని మా అన్న నవ్వుతుండె. ఆ మెప్పు మోసీ మోసీ అలిసిపోయిన.

అన్న, నేను ఒకటే మగ్గం మీద ముప్పై ఏండ్లు చీరలు నేసినం. గద్వాల చీర ఒళ్లంత నూలు, అంచు పట్టు. రెండు కలిసే కాడ ఆయన చెయ్యి, నా చెయ్యి ఒక్కతీరుగ ఆడాలె. గంటలకొద్ది మాట లేకుండ పక్కపక్కన కూసునేటోళ్లం. ఆయన దగ్గితే నా పోగు తప్పేది, నేను తిడుతుంటి. ఆ దగ్గే ఆయనను మంచాన పడేసింది.

నాలుగేండ్ల కింద, దవాఖానల, మధ్యాహ్నం పూట అన్న నా చెయ్యి పట్టుకున్నడు.

"జర కూసోరా."

"కూసుంట. ముందు స్కానింగు కాయితం తెస్త."

"అది యాడికీ పోదులేరా."

"గిట్ల పోయి గట్ల వస్త."

కాయితం తెచ్చిన. మళ్ల డాక్టరు కోసం ఉరికిన. మళ్ల వదినెకు అన్నం తెద్దామని పోయిన. అన్నం పొట్లంతోని వచ్చేసరికి వదినె మంచం కాడ నిలవడి ఉన్నది. "ఇప్పుడే పోయిండు. తలుపు దిక్కే చూసిండు" అన్నది. నేను చేసిన మొదటి పని, ఫోను తీసి బండాయనను పిలుసుడు.

సినిమా అయినంక బిడ్డను ఇంటికి పంపి, ఎనక గల్లీల ఉండే వదినె ఇంటికి పోయిన. ఆమె బియ్యం ఏరుతున్నది. గడప మీదనే నిలవడి అడిగిన. "వదినె, ఆ దినం అన్న నామీద కోపంతోని పోయిండా?"

ఆమె చాటల నుంచి తల ఎత్తలే. "కోపమా? 'వానికి కూసునుడు రాదు, నేను పోయినంక నువ్వన్న కూసోబెట్టు' అన్నడు. నువ్వు కూసుంటే గద చెప్పనీకె? వస్తివి, పింఛను కాయితం ఇస్తివి, పోతివి."

చాట పక్కకు జరిపి నాకు జాగ చేసింది. కూసున్న. పొద్దుగూకేదాంక ఇద్దరం బియ్యం ఏరినం. మనిషి కాలం చేసిన దినం ఒకటి, మనం ఆ మనిషిని పోగొట్టుకున్న దినం ఒకటి. నాకు ఈ రెండిటి నడుమ నాలుగేండ్లు పట్టింది.